మా వాళ్ళు రక్తం ఇవ్వమంటే భయపడుతున్నారక్కా, ఏం చెప్పాలి?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక గూడెం, మేము కోయోళ్ళం. నేను కొన్నేళ్ళుగా హైదరాబాద్‌లోనే ఉంటున్నా, ఈసీఐఎల్ దగ్గర రూమ్, ప్రైవేట్ జాబ్. మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళు, సికిల్ సెల్ ఉంది, అదే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుజబ్బు. పోయినేడు వాడికి ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి, అప్పట్నుంచి నెలనెలా రక్తం ఎక్కించాలన్నారు, ప్రతిసారీ అక్క వాణ్ణి తీసుకుని నా దగ్గరికే వస్తది. పోయిన నెల బ్లడ్ బ్యాంక్ వాళ్ళు బాబుకి యాంటీబాడీస్ వచ్చాయి, మ్యాచ్ అయ్యే బ్యాగ్ దొరకట్లేదు అని రెండ్రోజులు తిప్పారు. డాక్టర్ గారు మీ కమ్యూనిటీ వాళ్ళు ఇస్తే మ్యాచ్ అయ్యే ఛాన్స్ ఉంటది, డోనర్లని తీసుకురండి అన్నారు. సిటీలో మావాళ్ళు చాలామందే ఉన్నారు, హాస్టల్ పిల్లలు, సెంట్రింగ్ పనికొచ్చినోళ్ళు, డ్రైవర్లు. ఒక్కరూ రాలేదు. మా పెదనాన్న ఊరి నుంచి ఫోన్ చేసి మరీ తిట్టాడు, రక్తం ఇస్తే మళ్ళీ నాగలి పట్టలేవురా, మన రక్తం తీసుకెళ్ళి అమ్ముకుంటారు, స్కూల్లో పిల్లలకి సూది గుచ్చి రక్తం తీసుకుపోయినోళ్ళు మళ్ళీ కనపడ్డారా అని. ఆఫీస్ గ్రూప్‌లో పెడితే ఒకాయన మీవాళ్ళు ఇవ్వరు గానీ మమ్మల్ని అడుగుతున్నావా అన్నాడు. నేనే ఇద్దామని ఒక క్యాంప్‌కి పోతే హిమోగ్లోబిన్ 11.8 ఉంది వద్దన్నారు, పక్కనున్నతను ట్రైబల్స్‌కి అంతేలే అని నవ్వాడు. ఇంక ఎవర్నీ అడగబుద్ధి కావట్లేదు. మా వాళ్ళని ఎట్లా ఒప్పించాలి? నిజంగా మా కోయోళ్ళ రక్తమే కావాలా? మేనమామని నేను ఇవ్వకూడదా? పేరు రాయకండి.

సమాధానం: తమ్ముడూ, నువ్వడిగిన వరసలో కాకుండా ముందు బాబు సంగతి చెప్తా, ఎందుకంటే అందులో ఆలస్యం చేయకూడనివి ఉన్నాయి. మీ పెదనాన్న సంగతి తర్వాత చూద్దాం, ఆయన గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

యాంటీబాడీ వచ్చింది అన్నారు కదా, ఏ యాంటీబాడీ అని అడిగావా? అడగకపోతే రేపే పోయి అడుగు, నోటితో చెప్తే ఊరుకోకు, కాయితం మీద రాయించుకో. మామూలుగా మనకి బ్లడ్ గ్రూప్ అంటే ఏ, బి, ఓ, దానికో పాజిటివో నెగెటివో, అంతే తెలుసు. కానీ ఎర్రకణం మీద ఇంకా బోలెడు గుర్తులుంటాయి, ఇప్పటిదాకా కనిపెట్టిన బ్లడ్ గ్రూప్ సిస్టమ్స్ 40 దాటాయి. ఆర్‌హెచ్ అనే ఒక్క సిస్టమ్‌లోనే పాజిటివ్ నెగెటివ్ చెప్పే డి కాకుండా పెద్ద సి, చిన్న సి, పెద్ద ఈ, చిన్న ఈ అని ఉంటాయి, ఇంకా కెల్ అని, డఫీ అని, కిడ్ అని వేరే సిస్టమ్స్. ఎప్పుడో ఒకసారి రక్తం ఎక్కించుకునేవాళ్ళకి వీటితో పెద్దగా పనిపడదు. నెలనెలా ఎక్కించుకునే పిల్లల ఒంట్లోకి ప్రతిసారీ కొత్త మనిషి రక్తం వెళ్తది కాబట్టి, తన కణాల మీద లేని గుర్తు ఏదైనా వస్తే శరీరం దాన్ని పరాయిదని పట్టుకుని యాంటీబాడీ తయారుచేస్తది. ఇక ఆ తర్వాత ఆ గుర్తు లేని బ్యాగే వెతికి ఎక్కించాలి, మిమ్మల్ని రెండ్రోజులు తిప్పింది అందుకే, వాళ్ళు నిర్లక్ష్యం చేశారని అనుకోకు.

ఇందులో చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. ఈ యాంటీబాడీలు కొన్ని నెలలకి తగ్గిపోయి టెస్టులో కనపడకుండా పోవచ్చు. కనపడలేదు కదా అని ఇంకో హాస్పిటల్లో మామూలు బ్యాగ్ ఎక్కించారనుకో, శరీరం పాత సంగతి గుర్తుపెట్టుకుని ఒక్కసారిగా మళ్ళీ తయారుచేసి ఎక్కించిన కణాల్ని పగలగొట్టేస్తది. అది వెంటనే తెలీదు, కొన్ని రోజులకి, ఒక్కోసారి వారం రెండు వారాలకి బయటపడతది. మూత్రం ముదురు రంగులో రావడం, కళ్ళు పచ్చబడటం, జ్వరం, నడుం నొప్పి, హిమోగ్లోబిన్ ఎక్కించక ముందు కంటే కిందికి పడిపోవడం, ఇవి కనిపిస్తే మీరేమో మళ్ళీ సికిల్ నొప్పులే అనుకుని ఇంట్లో మాత్ర వేసి పడుకోబెడతారు. అట్లా చేయొద్దు, అక్కకి బాగా చెప్పు, వెంటనే హాస్పిటల్‌కి తీసుకుపోయి పోయిన ఫలానా తేదీన రక్తం ఎక్కించాం, ఫలానా యాంటీబాడీ ఉంది అని ముందు ఆ మాట చెప్పాలి. ఆ యాంటీబాడీ పేరు రాసిన కాయితం లామినేషన్ చేయించి బాబు ఫైల్లో ఒకటి, అక్క పర్సులో ఒకటి, నీ ఫోన్లో ఫోటో ఒకటి ఉండాలి.

అట్లాగే ఎక్స్‌టెండెడ్ ఫినోటైపింగ్ చేశారా అని అడుగు, అంటే ఇందాక చెప్పిన గుర్తుల్లో బాబుకి ఏవి ఉన్నాయో ఏవి లేవో చూసే టెస్ట్. ఇది నిజానికి మొదటిసారి రక్తం ఎక్కించక ముందే చేస్తే మంచిది, ఇప్పుడు వాడి ఒంట్లో వేరేవాళ్ళ కణాలు కలిసి ఉంటాయి కాబట్టి మామూలు పద్ధతిలో రిజల్ట్ తేడా రావచ్చు, అప్పుడు జీన్ టెస్ట్‌తో చూస్తారు. అన్ని బ్లడ్ బ్యాంకుల్లో ఉండదు, పెద్ద సెంటర్లకి శాంపిల్ పంపుతారు. శివరాంపల్లిలో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ అని ఉంది, తలసీమియా అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని ఇంకో పుట్టుజబ్బు, 1998 నుంచి ఇలాంటి పిల్లల కోసమే పనిచేస్తున్నారు, వాళ్ళకి సొంత బ్లడ్ బ్యాంక్ ఉంది, అక్కడే రక్తం కూడా ఎక్కిస్తారు. నువ్వు ఇప్పటిదాకా పోకపోతే ఒకసారి ఫైల్ పట్టుకుని పో. ఎందుకంటే నెలనెలా రక్తం ఎక్కేవాళ్ళకి ఒంట్లో ఐరన్ పేరుకుపోతది, గుండెకీ లివర్‌కీ చేటు, ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే టెస్ట్, చూసి ఐరన్ బయటికి పంపే మందు ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పాలి, ఇవన్నీ రోజూ చూసే చోట తొందరగా తెమిలిపోతాయి.

ఇప్పుడు నీ ప్రశ్న, కోయోళ్ళ రక్తమే కావాలా.

డాక్టర్ గారు అన్న మాట తప్పేం కాదు గానీ సగం చెప్పి వదిలేశారు. ఈ గుర్తులు తల్లిదండ్రుల నుంచి వస్తాయి కాబట్టి ఒకే మూలాలున్న వాళ్ళలో ఒకేలా ఉండే అవకాశం ఎక్కువ, అది నిజం. బ్రిటన్‌లో ఈ సమస్య చాలా పెద్దది. అక్కడ సికిల్ సెల్ ఎక్కువగా ఆఫ్రికా, కరీబియన్ మూలాలున్న నల్లజాతి వాళ్ళకి ఉంటది, రక్తం ఇచ్చేవాళ్ళేమో ఎక్కువమంది తెల్లవాళ్ళు. ఆర్‌హెచ్‌లో ఆర్ఓ అనే ఒక రకం ఉంది, నల్లజాతి వాళ్ళలో సగానికి పైగా ఆ రకమే, మొత్తం డోనర్లలో చూస్తే నూటికి ఇద్దరు కూడా కష్టం. అందుకే అక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ నల్లజాతి డోనర్లు కావాలి రండి రండి అని ఏళ్ళ తరబడి అడుగుతానే ఉంది. మన దగ్గర రోగికీ డోనర్‌కీ మధ్య అంత తేడా ఉండదు, ఇక్కడ అసలు సమస్య ఏంటంటే చాలా బ్లడ్ బ్యాంకుల్లో ఏ బి ఓ, పాజిటివ్ నెగెటివ్ చూసి, క్రాస్ మ్యాచ్, అంటే డోనర్ రక్తాన్నీ పేషెంట్ రక్తాన్నీ కలిపి చూడటం, చేసి ఇచ్చేస్తారు, మిగతా గుర్తులు ముందుగా చూడరు. కాబట్టి కోయోళ్ళ రక్తం అయితే చాలు కళ్ళు మూసుకుని ఎక్కించేయొచ్చు అని ఎవరన్నా అంటే నమ్మకు. బాబుకి కావాల్సింది ఫలానా గుర్తు లేని రక్తం, అది కోయ మనిషిదైనా కావచ్చు, లంబాడా మనిషిదైనా కావచ్చు, బార్కస్‌లో ఉండే యెమెన్ మూలాల కుటుంబంలో అబ్బాయిదైనా కావచ్చు, ఏసీ గార్డ్స్‌లో నిజాం కాలం నుంచి ఉంటున్న ఆఫ్రికా మూలాల వాళ్ళదైనా కావచ్చు. ఎన్ని రకాల జనం వచ్చి ఇస్తే అంత తొందరగా అలాంటి బ్యాగ్ దొరుకుతది. ఈ సిటీలో ఇన్ని జాతులవాళ్ళం ఉండి, రక్తం దగ్గరికొచ్చేసరికి ఇచ్చేవాళ్ళు కొన్ని కాలేజీలు, కొన్ని కంపెనీల నుంచే రావడం నాకు చాలా బాధగా ఉంటది.

నువ్వు ఇవ్వొచ్చా అంటే, నీ హిమోగ్లోబిన్ సరిపోయినా సరే బాబుకి నేరుగా నువ్వు ఇవ్వకు. ఇది విని ఆశ్చర్యపోతావు, మేనమామ రక్తం కంటే దగ్గరి రక్తం ఏముంటది అనిపిస్తది కదా. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాళ్ళ రక్తంలో ఉండే తెల్లకణాల్ని బాబు ఒళ్ళు పరాయివని గుర్తుపట్టకపోవచ్చు, అవి లోపలే బతికి వాడి శరీరం మీదే దాడి చేసే ప్రమాదం ఉంది. చాలా అరుదు, కానీ వస్తే చాలావరకు ప్రాణం దక్కదు. అందుకే తప్పనిసరై బంధువుల రక్తం వాడాల్సి వస్తే ఆ బ్యాగ్‌కి రేడియేషన్ ఇచ్చాకే ఎక్కించాలి. ఇంకో కారణం కూడా ఉంది, బాబుకి చెల్లో తమ్ముడో ఉంటే రేపు మూలకణాల మార్పిడి, అదే బోన్‌మారో ట్రాన్స్‌ప్లాంట్ గురించి డాక్టర్లు అడగొచ్చు, ఒకసారి పక్షవాతం వచ్చిన పిల్లలకి ఆ మాట తప్పకుండా వస్తది, అప్పుడు ఇంట్లోవాళ్ళ రక్తం ముందే ఎక్కించి ఉంటే మార్పిడి చేసిన కణాల్ని శరీరం తిప్పికొట్టే ముప్పు పెరుగుతది. అమ్మా నాన్నా మేనమామా ఎవరూ ఇవ్వకండి. మీరు బ్లడ్ బ్యాంకుకి ఇవ్వండి, అది వేరేవాళ్ళకి పోతది, బాబుకి వేరేవాళ్ళది వస్తది.

మూడోది, ఇది మీ ప్రాంతానికి సంబంధించి ముఖ్యం. మీ ఊళ్ళో ఆరోగ్యంగా తిరిగేవాళ్ళలో కూడా సికిల్ జీన్ ఒకటి మోస్తున్నవాళ్ళు ఉంటారు, క్యారియర్లు అంటారు, వాళ్ళకి జబ్బు ఉండదు, మామూలుగానే ఉంటారు. వాళ్ళ రక్తం సికిల్ పేషెంట్‌కి ఎక్కించకూడదు, ఎందుకంటే బాబు ఒంట్లో ఈ జబ్బుకి కారణమైన ఎస్ రకం హిమోగ్లోబిన్ శాతం తగ్గించడానికే కదా ఈ రక్తం ఎక్కిస్తున్నది. కాబట్టి మీవాళ్ళని తీసుకురావాలంటే ముందు సికిల్ టెస్ట్ జరగాలి. నువ్వూ చేయించుకో, బాబుకి జబ్బు వచ్చిందంటే మామూలుగా మీ అక్కా క్యారియరే అయ్యుంటది, అంటే నీకూ ఉండే అవకాశం బాగానే ఉంది. ఆ 11.8కి కారణం మాత్రం అది కాకపోవచ్చు, ఒక్క సికిల్ జీన్ ఉన్నంత మాత్రాన మామూలుగా హిమోగ్లోబిన్ తగ్గదు, ఐరన్ లోపమో, కొంకి పురుగులో, తలసీమియా క్యారియర్ కావడమో ఏదో ఉంటది. ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చూసే హెచ్‌పీఎల్‌సీ టెస్ట్, ఫెరిటిన్ రెండూ చేయించి డాక్టర్‌కి చూపించు, ఊరికే ఐరన్ టానిక్ కొనుక్కుని తాగకు.

ఆ క్యాంప్‌లో నవ్వినతని గురించి. అక్కడ హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి అన్న రూలు అందరికీ ఒకటే, కోయోళ్ళకో లెక్క రెడ్లకో లెక్క ఉండదు. కేంద్రం చేసిన ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది, వాళ్ళంతా ట్రైబల్సా? సికిల్ జీన్ కూడా ఒక జాతి లోపం కాదు, మలేరియా ఎక్కువున్న చోట ఆ జీన్ ఒకటి ఉన్నవాళ్ళు మలేరియా ముదిరి చనిపోవడం తక్కువ, అందుకే అడవి ప్రాంతాల్లో తరతరాలుగా అది నిలిచింది. ఆఫ్రికాలో, అరబ్ దేశాల్లో, మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో కూడా ఉన్నది అందుకే. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల్లో ఉండే గిరిజనుల్లో గుర్తించారు. నిన్ను అన్న మాట తప్పు, అది అన్నతనికి తెలియాలి, ఆ క్యాంప్ ఎవరు పెట్టారో వాళ్ళకి రెండు లైన్లు రాసి పంపు. గొడవ కోసం కాదు, నీ తర్వాత వచ్చే కోయ అబ్బాయికి ఆ మాట వినపడకూడదు కదా అందుకు. ఇలాంటి ఒక్క మాటకి జనం పదేళ్ళు అటువైపు రారు.

ఇప్పుడు మీ పెదనాన్న. తమ్ముడూ, ఆయన్ని తెలివితక్కువ మనిషి అనుకోకు. నువ్వు ఒప్పించాలి ఒప్పించాలి అంటున్నావు, నేనేమో ముందు ఆయన అడిగినదానికి జవాబు తీసుకెళ్ళు అంటా. స్కూల్లో పిల్లల రక్తం తీసుకుపోయినోళ్ళు మళ్ళీ కనపడ్డారా అని అడిగాడు కదా, చాలా సరైన ప్రశ్న అది. మీవైపు పెద్దవాళ్ళకి గుర్తున్న సంగతులు వేరే. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం కూడా అందులోనే ఉండేది, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ఒక ప్రాజెక్ట్ కింద వేశారు, అందులో ఆశ్రమ స్కూళ్ళ పిల్లలు, హాస్టల్ పిల్లలు చాలామంది, అమ్మానాన్నల దగ్గర సంతకం తీసుకోకుండా వార్డెన్లూ హెడ్మాస్టర్లూ సంతకాలు పెట్టేశారు. 2010లో ఆపేశారు. తర్వాత చనిపోయిన కొందరు పిల్లల మరణాలకి టీకా కారణం అయ్యుండదని విచారణలో తేల్చారు, టీకా కూడా మంచిదే, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కానీ అనుమతి తీసుకున్న తీరుని 2013లో పార్లమెంట్ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. అది చూసినవాళ్ళు, విన్నవాళ్ళు మీ ఊళ్ళలో ఇంకా ఉన్నారు. సూది పట్టుకొచ్చినవాణ్ణి చూసి నువ్వెవరు, ఎందుకు, తర్వాత ఏం చెప్తావు అని అడగడం వాళ్ళ హక్కు.

ఇది మన ఒక్క చోటే కాదు. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో రెడ్‌క్రాస్ మొదట నల్లజాతి వాళ్ళ రక్తం తీసుకోనే తీసుకోలేదు, తర్వాత తీసుకున్నా వేరే లేబుల్ వేసి విడిగా పెట్టింది, 1950 దాకా అదే పద్ధతి. ఇజ్రాయెల్‌లో ఇథియోపియా నుంచి వచ్చిన యూదుల దగ్గర రక్తం తీసుకుని వాళ్ళకి చెప్పకుండా పారేస్తున్నారని 1996లో బయటపడితే వేలమంది రోడ్డెక్కారు. అట్లాంటివి జరిగాక ఆ జనం రక్తదానానికి రావట్లేదు, అవగాహన లేదు అని పోస్టర్లు వేస్తే ఏం లాభం? మైనారిటీ జనం రావట్లేదు అన్నచోటల్లా ముందు వాళ్ళతో ఎట్లా మాట్లాడారో చూడాలి, ఏం తీసుకున్నారో ఏం తిరిగి ఇచ్చారో చూడాలి, ఇది నా గట్టి నమ్మకం.

కాబట్టి నీ మొదటి పని రక్తం అడగడం కాదు, రిపోర్టులు తెప్పించడం. మీ స్కూల్లో సూది గుచ్చింది బహుశా సికిల్ సెల్ పరీక్షకే అయ్యుంటది, 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని పెట్టుకున్నారు. పరీక్ష చేసినవాళ్ళకి నీకు జబ్బు ఉందా, క్యారియరా, ఏమీ లేదా అని చెప్పే కార్డ్ ఇవ్వాలి. మీ పీహెచ్‌సీకి పో, లేదంటే ఆశా వర్కర్నో ఏఎన్ఎంనో పట్టుకో, భద్రాచలంలో గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏ ఆఫీసులో కూడా అడగొచ్చు, మా గూడెం పిల్లల కార్డులు ఏవి అని. అవి తీసుకెళ్ళి మీ పెదనాన్న చేతిలో పెట్టు, ఇదిగో పెదనాన్నా, మనోళ్ళ రక్తం తీసుకుపోయారన్నావు కదా, వాళ్ళు చూసింది ఇది, మన ఫలానా పిల్లకి ఇట్లా ఉంది, ఇద్దరు క్యారియర్లు పెళ్ళి చేసుకుంటే ఒక్కో కాన్పులో నాలుగోవంతు అవకాశం ఉంది బిడ్డకి జబ్బు రావడానికి, అని కూర్చుని కోయ భాషలో చెప్పు. పిల్లల పేర్లు నలుగురి ముందు చదవకు మళ్ళీ, సంబంధాలు చెడతాయి, ఎవరి కార్డ్ వాళ్ళ ఇంట్లోనే ఇవ్వు.

నాగలి పట్టలేవురా అన్నదానికి జవాబు చెప్పడం తేలికే గానీ ఆయన భయంలో కొంత నిజం కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయకు. పెద్ద మనిషి ఒంట్లో ఐదు లీటర్లు అటూఇటూగా రక్తం ఉంటది, తీసేది 350 మిల్లీలీటర్లు, 55 కిలోల పైన ఉన్నవాళ్ళ దగ్గరైతే 450 కూడా తీస్తారు. అందులో నీటి భాగం ఒకట్రెండు రోజుల్లో వచ్చేస్తది, ఎర్రకణాలకి కొన్ని వారాలు పడతది, అందుకే మగవాళ్ళకి 90 రోజులు, ఆడవాళ్ళకి 120 రోజులు గ్యాప్ పెట్టారు. బలం శాశ్వతంగా పోవడం అనేది లేదు. కానీ రెక్కాడితే డొక్కాడని మనిషికి ఒక రోజు కూలీ పోవడం చిన్న విషయం కాదు, ఆఫీసులో కూర్చునేవాళ్ళకి అది అర్థం కాదు. సెంట్రింగ్ పనివాళ్ళని ఆదివారమే పిలువు, ఇచ్చిన రోజూ మర్నాడూ ఎత్తు మీద ఎక్కే పని పెట్టుకోవద్దని చెప్పు, తిండి సరిగా తినని రోజు, రాత్రంతా నిద్రలేని రోజు ఇవ్వొద్దని చెప్పు. ఊళ్ళో అయితే నాట్లప్పుడు, విత్తనాలప్పుడు ఆ మాటే ఎత్తకు. ఇంకా 18 ఏళ్ళు నిండాలి, 45 కిలోలకి తగ్గకూడదు, మలేరియా వచ్చి తగ్గినవాళ్ళు మూడు నెలలు ఆగాలి, పచ్చబొట్టు వేయించుకుంటే ఏడాది ఆగాలి. ఇవన్నీ రూమ్ దగ్గరే అడిగి తెలుసుకుని తీసుకుపో. అంతదూరం బస్సెక్కి వచ్చినవాణ్ణి కౌంటర్ దగ్గర పదిమంది ముందు నువ్వు పనికిరావు అని పంపిస్తే వాడు ఇంకెప్పుడూ రాడు, నీకే తెలుసు ఆ సంగతి. ఫారంలో కొన్ని సొంత విషయాల ప్రశ్నలుంటాయి, అవి పక్కకి తీసుకెళ్ళి ఒంటరిగా అడగమని బ్లడ్ బ్యాంక్ వాళ్ళకి ముందే చెప్పు, వాళ్ళు అట్లాగే అడగాలి కూడా.

అమ్ముకుంటారు అన్న మాట ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా చూడు. ఒకప్పుడు నిజంగానే డబ్బులిచ్చి రక్తం కొనేవాళ్ళు, పేదవాళ్ళు పూట గడవక అమ్ముకునేవాళ్ళు. 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక 1998 జనవరి 1 నుంచి అది బంద్ అయింది. ఇప్పుడు పేషెంట్ దగ్గర తీసుకునే డబ్బు బ్యాగ్‌కీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా టెస్టులకీ, నిల్వకీ అయ్యే ఖర్చు, దానికి పై పరిమితి ప్రభుత్వమే పెట్టింది. బిల్లు చేతిలో పెట్టినప్పుడు ఇదెందుకో ఎవరూ చెప్పరు కాబట్టే జనానికి అమ్ముతున్నట్టు కనిపిస్తది. ఇంకా నీకు ముఖ్యమైనది, సికిల్ సెల్, తలసీమియా, రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫీలియా ఉన్నవాళ్ళకి రక్తం ఉచితంగా ఇవ్వాలని జాతీయ రక్తమార్పిడి మండలి చెప్పింది. ప్రతిసారీ బదులు డోనర్‌ని తెస్తేనే బ్యాగ్ ఇస్తాం అని ఎవరైనా పట్టుబడితే ఆ మాట చెప్పి పై ఆఫీసర్‌తో మాట్లాడతా అను. 2016 వికలాంగుల చట్టంలో సికిల్ సెల్ కూడా ఉంది, బాబుకి సర్టిఫికెట్ తీయించు.

మీవాళ్ళని కదిలించడానికి బయటివాళ్ళ పోస్టర్ పనిచేయదు, మీలోంచే రావాలి. మన పాతబస్తీలో చూడు, మొహర్రం రోజుల్లో షియా కుర్రాళ్ళు ఇమామ్ హుస్సేన్ పేరు మీద రక్తదాన క్యాంపులు పెడతారు, లైన్లో నిలబడి ఇస్తారు. ముస్లింలలో కూడా ఇది తప్పేమో అన్న అనుమానం కొందరికి ఉండేది, ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో ఉంది, ఒక్క ప్రాణం కాపాడితే మనుషులందర్నీ కాపాడినట్టే అని ఖురాన్ ఐదో సూరాలో ఉన్న మాట మౌల్వీ సాబ్ చెప్తే వింటారు గానీ డాక్టర్ చెప్తే వినరు. సికింద్రాబాద్, కోఠీ వైపు సింధీ, గుజరాతీ కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ళల్లో తలసీమియా జీన్ ఎక్కువ, పెళ్ళికి ముందు టెస్ట్ అనే మాట వాళ్ళ కమ్యూనిటీ పెద్దలు ఎత్తితేనే ఇళ్ళల్లోకి వెళ్తది. మీకు ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం ఉంది. బంజారాహిల్స్‌లో కుమ్రం భీం ఆదివాసీ భవన్ ఉంది. కోయ, గోండు, కొలాం, చెంచు పిల్లలు సిటీలో ఎంతమంది చదువుతున్నారు, వాళ్ళ స్టూడెంట్ సంఘాల వాళ్ళని ఇద్దర్ని పట్టుకో. రక్తదాన శిబిరం అని పెట్టకు మొదటిసారి, సికిల్ టెస్ట్, బ్లడ్ గ్రూప్, హిమోగ్లోబిన్ ఈ మూడూ చూసి అదే వారంలో రిపోర్ట్ చేతికిచ్చేది పెట్టు. హిమోగ్లోబిన్ తక్కువున్నవాళ్ళకి మందు చెప్పేవాళ్ళు ఒకరుండాలి అక్కడ. ఇచ్చేది ముందు, తీసుకునేది తర్వాత. ఇష్టమున్నవాళ్ళ నంబర్లు రాసుకుంటే తర్వాత ఇద్దరిద్దర్ని పిలవచ్చు. అందర్నీ ఒకే రోజు ఇప్పించేస్తే కూడా లాభం లేదు, ఎర్రకణాల బ్యాగ్ 35 నుంచి 42 రోజులే ఉంటది, బాబుకి ప్రతి నెలా కావాలి, ఎండాకాలం కాలేజీలు మూసినప్పుడు అసలే కరువు. ఇచ్చినవాళ్ళు తర్వాత బాబు ఎట్లా ఉన్నాడని అడిగితే చెప్పు, దాచకు, ఊళ్ళో మాట అట్లానే పాకుతది.

ఆ ఆఫీసాయనకి ఏం చెప్పాలి అంటే, ఏమీ చెప్పకు అని నీకు అనిపించొచ్చు గానీ నేనైతే చెప్పమంటా. సార్ మావాళ్ళు కూడా ఇస్తారు, ఇవ్వడానికి టెస్టులు చేయిస్తున్నాం, ఈలోపు బాబుకి ఫలానా గుర్తు లేని రక్తం కావాలి, మీది టెస్ట్ చేయిస్తే తెలుస్తది అని గ్రూప్‌లోనే పెట్టు. ఆయన రాకపోయినా అది చదివినవాళ్ళల్లో ఒకరు వస్తారు. అడగడం మాత్రం మానకు, అవతల మేనల్లుడు ఉన్నాడు.

ఈ వారం మాత్రం మూడు పనులు చెయ్యి, యాంటీబాడీ పేరు రాయించుకోవడం, బాబుకి ఫినోటైపింగ్ సంగతి అడగడం, నీ హెచ్‌పీఎల్‌సీ ఇవ్వడం. ఊరికి ఫోన్ ఆ తర్వాతే చెయ్యి. రిపోర్టులు నాకు పంపాలనుకుంటే బాబు పేరూ హాస్పిటల్ పేరూ కనపడకుండా కవర్ చేసి పంపు.